మట్టి చేసిన తర్వాత మట్టి ఏం చేస్తుంది?

మనిషి పోతే ఇంట్లో జరగాల్సిన పనులన్నీ మన పెద్దవాళ్లకి నోటికొచ్చు. ఎవరు స్నానం చేయించాలి, ఎవరు ముందు నడవాలి, మూడో రోజు ఏం వండాలి, పదకొండో రోజు ఎవరెవరిని పిలవాలి, అన్నీ చెప్తారు. కానీ గుంట పూడ్చి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక ఆ గుంటలో ఏం జరుగుతుంది అని అడిగితే మాత్రం "అవన్నీ నీకెందుకే" అంటారు.

ఎందుకో చెప్తాను. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి నెలల్లో, నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు చెన్నై ఆస్పత్రిలో చనిపోయారు. ఆయన్ని దహనం చేయడానికి మన అంబత్తూరు శ్మశానానికి తెస్తే స్థానికులు అడ్డుపడ్డారు. శవం వెనక్కి వెళ్లింది. అది జరిగిన వారంలోపే ఇంకో డాక్టరుకి, ఆయన న్యూరోసర్జన్, కీల్పాక్ శ్మశానంలో చోటు దొరకలేదు. శవాన్ని తీసుకెళ్లిన వాళ్లమీద రాళ్లు, కర్రలు పడ్డాయి. చివరికి అర్ధరాత్రి వేలంగాడు శ్మశానంలో తోటి డాక్టరే గుంట పూడ్చాల్సి వచ్చింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. రాళ్లు వేసినవాళ్లు చెడ్డవాళ్లని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఈ విషయం చదివాక, వాళ్లలో చాలామందికి మట్టి కింద ఏం జరుగుతుందో, పొగలో ఏం మిగులుతుందో తెలియదని అర్థమైంది. తెలియనిచోట భయం చేరుతుంది. అందుకే ఈ పాఠం.

ముందు మాటలు

మన ఇంట్లో రెండు భాషలు. నాన్నగారి వైపు తమిళం, అమ్మ వైపు తెలుగు. తమిళంలో శ్మశానానికి రెండు వేరువేరు మాటలున్నాయి. కాల్చే చోటు 'సుడుకాడు', పూడ్చే చోటు 'ఇడుకాడు'. సుడు అంటే కాల్చు, ఇడు అంటే పెట్టు. తెలుగులో 'వల్లకాడు' అన్నా 'కాడు' అన్నా రెండూ కలిసే వస్తాయి. ఆ కాడు నుంచే కాటికాపరి వచ్చాడు.

తెలుగులో పూడ్చడానికి ఉన్న మాటలు చూడండి. పుస్తకంలో ఖననం. ఆంధ్ర జిల్లాల్లో చాలాచోట్ల 'మట్టి చేశారు' అంటారు. తెలంగాణలో 'బొంద పెట్టారు' అంటారు. మనం పొద్దున లేస్తే పది సార్లు అనే 'నీ బొంద' లోని బొంద అదే! 'పాతర' అంటే ధాన్యం దాచుకునే గొయ్యి. 'పాతరేస్తా' అనేది బెదిరింపు. ధాన్యాన్ని దాచే గొయ్యికీ మనిషిని దాచే గొయ్యికీ ఒకే మాట వాడారు మనవాళ్లు. 'గోరీ' పారసీ నుంచి వచ్చింది. 'సమాధి' సంస్కృతం. అసలు అర్థం ధ్యానంలో లీనమవడం. సన్యాసుల్ని కాల్చకుండా కూర్చోబెట్టి పూడ్చేవాళ్లు కాబట్టి ఆ మాట ఆ కట్టడానికి అంటుకుంది. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మంగారి సమాధి, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం అలాంటివే. వీరశైవులు ఇప్పటికీ కూర్చున్న భంగిమలోనే పూడుస్తారు.

హిందువులంతా కాలుస్తారు, మిగతావాళ్లు పూడుస్తారు అనుకోవడం కూడా సరికాదు. చాలా కులాల్లో పూడ్చే ఆచారమే ఉంది. కాల్చేవాళ్లు కూడా పసిపిల్లల్ని పూడుస్తారు. తమిళ కావ్యం 'మణిమేకలై'లో శవాన్ని సాగనంపే పద్ధతులు ఐదు చెప్పారు. కాల్చడం, ఊరికే వదిలేయడం, గుంటలో పెట్టడం, అరల్లో పెట్టి మూయడం, పెద్ద కుండలో పెట్టి కప్పడం. అన్నీ ఒకే ఊరి శ్మశానంలో జరిగినట్టు ఉంటుంది.

గుంటలో మొదట జరిగేది

గుండె ఆగిపోయాక ఒంట్లోని కణాలకి ఆక్సిజన్ అందదు. కణాల లోపలే ఎంజైములు ఉంటాయి. బతికుండగా వాటికి ఒక కట్టుబాటు ఉంటుంది. అది పోయాక అవి కణాన్నే కరిగించడం మొదలుపెడతాయి. దీన్ని ఆటోలిసిస్ అంటారు. తనని తాను జీర్ణం చేసుకోవడం అన్నమాట. ఇది పూడ్చకముందే, ఇంట్లో ఏడుపులు నడుస్తుండగానే మొదలైపోతుంది.

రెండో దశ బాక్టీరియాది. మన పేగుల్లో జీవితమంతా కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయి, మనం తిన్నది అరగడానికి సాయం చేస్తూ. మనిషి పోయాక అవి అక్కడినుంచి బయల్దేరి మిగతా శరీరంలోకి పాకుతాయి. అమోనియా, మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు పుడతాయి. పొట్ట ఉబ్బేది వీటివల్లే. అంటే మనిషిని కరిగించేది బయటినుంచి వచ్చిన పురుగు కాదు, మొదట పని చేసేది మనతోపాటు పెరిగిన క్రిములే.

జర్మనీలో 19వ శతాబ్దంలో కాస్పర్ అనే వైద్యుడు ఒక లెక్క చెప్పాడు. శవం గాలిలో ఒక వారంలో ఎంత శిథిలమవుతుందో, నీళ్లలో అందుకు రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు పడుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఫోరెన్సిక్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్తారు. మట్టిలో ఎందుకు ఆలస్యం? గాలి తక్కువ, ఈగలు రావు, వేడి మారదు. లోతు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యం. పైపైన తవ్విన గుంటలో త్వరగా, ఆరడుగుల గుంటలో నిదానంగా.

తర్వాత మెత్తని భాగాలు పోయి ఎముకలు మిగులుతాయి. దీనికి ఇన్ని నెలలు అని ఒకే అంకె చెప్పడం కుదరదు. వేడి నేలలో పెట్టె లేకుండా పూడిస్తే ఏడాది, రెండేళ్లలో జరగొచ్చు. చల్లని దేశంలో గట్టి పెట్టెలో అయితే పదేళ్లు దాటొచ్చు. వెంట్రుకలు, గోళ్లు, పళ్లు చాలాకాలం ఉంటాయి. చనిపోయాక గోళ్లు పెరుగుతాయని మనం వింటాం కదా, అది నిజం కాదు. చర్మం ఎండి వెనక్కి లాక్కోవడంవల్ల గోరు పొడుగైనట్టు కనిపిస్తుంది, అంతే.

పెట్టె సంగతి

శవపేటికను మన పక్క అందరూ పెట్టె అనే అంటారు. టేకు పెట్టె అయినా ప్లైవుడ్ పెట్టె అయినా పైన ఎంత బరువు పడుతుందో ఒకసారి లెక్క వేద్దాం. గుంట రెండు మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు అనుకోండి. పెట్టె మీద ఒక మీటరు మందం మట్టి అనుకోండి. మొత్తం ఒకటిన్నర ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్ను దాకా తూగుతుంది. అంటే పెట్టె మూత మీద రెండు టన్నుల పైమాటే! కొత్తలో మూత తట్టుకుంటుంది. తడి తగిలి, బూజు పట్టి, చెద తిని చెక్క మెత్తబడ్డాక మూత లోపలికి కూలిపోతుంది. అప్పటిదాకా పెట్టెలో ఉన్న ఖాళీలోకి మట్టి దిగుతుంది. పైన నేల కుంగుతుంది.

మా ఇంటికి దగ్గర్లో చాలాకాలం గుంటలు తవ్విన ఒక తాత ఉన్నాడు. తెలుగువాడే, కానీ సగం మాటలు తమిళంలో దొర్లుతాయి. పేరు రాయొద్దన్నాడు. ఆయన్ని అడిగితే ఇలా చెప్పాడు. "పెట్టె ఎప్పుడు విరిగిందో మనకి వినపడదు పాపా. ఒక మళై కాలం పోనీ, నేలే చెప్తాది. అందుకే మట్టి కుప్పగా పోసేది. ఊరికే అందం కోసం అనుకుంటారు." గుంట మీద మట్టిని గుట్టలా ఎత్తుగా పోయడానికి కారణం ఇదన్నమాట. కిందకి దిగబోయే మట్టిని ముందే పైన ఉంచుతారు.

ఇంకో మాట కూడా చెప్పాడు. పూడ్చిన నెలలోపే పాలరాయి, సిమెంటు వేసి సమాధి కట్టేస్తే అది పగులుతుందట. నేల స్థిరపడేదాకా ఆగాలి. కనీసం ఒక వానాకాలం దాటాలి. కానీ మనవాళ్లు నలభైయో రోజుకో సంవత్సరీకానికో కట్టి తీరాలని తొందరపడతారు. "పగిలాక నన్ను తిడతారు" అన్నాడు.

పెట్టెలో మిగతావాటి సంగతి: నూలు గుడ్డ నెలల్లోనే పోతుంది. పట్టు కొంచెం ఎక్కువకాలం ఆగుతుంది. పాలిస్టర్, నైలాన్ లాంటివి దశాబ్దాలపాటు అలాగే ఉంటాయి. ఇనుప మేకులు తుప్పుపట్టి మట్టిలో ఎర్రటి మరకలవుతాయి. ప్లాస్టిక్ పూలు మట్టిలో పూవులాగే ఉండిపోతాయి. అమ్మమ్మకి ఇష్టమని నైలాన్ చీర కట్టి పంపిస్తే, అమ్మమ్మ వెళ్లిపోయాక కూడా చీర ఉంటుంది.

ముస్లింలు పెట్టె వాడరు. తెల్లటి కఫన్ గుడ్డలో చుట్టి, ఖబర్ పక్క గోడలో తొలిచిన అరలో పడుకోబెడతారు. మట్టి నేరుగా మీద పడకుండా పలకలతోనో చెక్కలతోనో మూస్తారు. అడ్డంగా పెట్టె లేదు కాబట్టి మట్టి తన పని త్వరగా చేసుకుంటుంది. సైన్స్ వైపునుంచి చూస్తే ఇదే అన్నిటికన్నా సులువైన పద్ధతి.

ఫార్మలిన్ ఎక్కించిన శవం, అంటే ఎంబాల్మింగ్ చేసినది, వేరు. గల్ఫ్‌నుంచి, అమెరికానుంచి మనవాళ్ల శవాలు విమానంలో వచ్చేటప్పుడు ఇది చేసి తీరాలి. ఫార్మలిన్ బాక్టీరియాని చంపి కణజాలాన్ని గట్టిపరుస్తుంది. శిథిలమవడం ఆగిపోదు కానీ బాగా వాయిదా పడుతుంది. మచిలీపట్నంలో దీనిమీద ఒక పాత కథే ఉంది. జాన్ పీటర్ అనే కంపెనీ సైన్యాధికారి తను ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ 1809లో చనిపోతే శవానికి మందులు పూయించి భద్రపరిచాడనీ, ఆమె సమాధిమీదే సెయింట్ మేరీస్ చర్చి కట్టించాడనీ బందరువాళ్లు చెప్పుకుంటారు. చర్చి ఇప్పటికీ ఉంది. మిగతాది ఎంత నిజమో గానీ, పోయినవాళ్లు పోకుండా ఉండాలన్న కోరిక మాత్రం నిజమే.

అందరికీ ఒకే మట్టి కాదు

ఎముకలో మూడింట రెండు వంతుల దాకా ఖనిజమే. ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేట్. పుల్లటి, అంటే ఆమ్ల గుణం ఉన్న నేల ఈ ఖనిజాన్ని నెమ్మదిగా కరిగించేస్తుంది. అలాంటి చోట వంద, రెండు వందల ఏళ్లకి ఎముక కూడా మిగలకపోవచ్చు. సున్నం ఎక్కువున్న నేలలో వేల ఏళ్లు ఉంటుంది. ఇసుక నేలలో నీళ్లు ఇంకిపోయి గాలి ఆడుతుంది, పని త్వరగా అవుతుంది. జిగట బంకమట్టిలో నీళ్లు నిలిచి గాలి అందక పని నిలిచిపోతుంది.

అలా నిలిచిపోయినప్పుడు ఒక వింత జరుగుతుంది. తడిగా, గాలి లేకుండా ఉన్న చోట శరీరంలోని కొవ్వు సబ్బులాంటి, మైనంలాంటి తెల్లటి పదార్థంగా మారుతుంది. దాన్ని అడిపోసియర్ అంటారు. కొవ్వు, మైనం అనే రెండు లాటిన్ మాటలు కలిపిన పేరు. అది ఏర్పడితే శరీరం ఆకారం ఏళ్లతరబడి చెక్కుచెదరదు. పారిస్‌లో ఇన్నోసెంట్స్ అనే పాత శ్మశానం శవాలతో నిండిపోతే 1780లో మూసేశారు. 1786నుంచి ఎముకలన్నీ తవ్వి పాత రాతి గనుల సొరంగాల్లోకి మార్చారు. ఇప్పుడు టూరిస్టులు చూసే పారిస్ కాటకోంబ్స్ అవే. ఆ తవ్వకాల్లోనే ఈ మైనం కుప్పలుగా బయటపడింది. దానికి ఆ పేరు పెట్టింది ఫూర్‌క్రోవా అనే రసాయన శాస్త్రవేత్త.

మన చుట్టుపక్కల కూడా మట్టి దాచినవి ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రే పల్లావరం దగ్గర కాల్చిన మట్టితో చేసిన శవపేటికను తవ్వి తీశాడు. దానికి కింద వరసగా పొట్టి కాళ్లు! రెండు వేల ఏళ్ల పైమాట. చెక్క పెట్టె అయితే ఎప్పుడో పోయేది, కుండమట్టి కాబట్టి నిలిచింది. దక్షిణాన ఆదిచ్చనల్లూరులో పెద్ద పెద్ద కుండల్లో ఎముకలు దొరికాయి. తెలుగు జిల్లాల్లో పొలాల మధ్య పెద్ద రాతి పలకలతో కట్టిన పాతకాలపు సమాధుల్ని 'రాక్షస గుళ్లు' అంటారు. ఇంత రాయి మనుషులు ఎత్తలేరు, రాక్షసులే ఎత్తి ఉంటారని జనం పెట్టుకున్న పేరు. వాటిలో కొన్నింట్లో పూర్తి అస్థిపంజరం ఉండదు, ఏరి పెట్టిన కొన్ని ఎముకలే ఉంటాయి. శరీరం ముందు వేరేచోట శిథిలమయ్యాక ఎముకలు తెచ్చి పెట్టేవాళ్లు. అంటే మట్టి ఎంతకాలం తీసుకుంటుందో ఆనాటివాళ్లకి మనకన్నా బాగా తెలుసు.

పద్నాలుగేళ్ల లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. గుంట ఎప్పటికీ ఆ ఒక్కరిదేనా?

కాదు. చెన్నైలో కీల్పాక్, కాసిమేడు శ్మశానాల్ని మద్రాస్ సెమెటరీస్ బోర్డు చూసుకుంటుంది. ఇక్కడ చాలాకాలం నడిచిన లెక్క పద్నాలుగేళ్లు. ఒకసారి పూడ్చిన గుంటను పద్నాలుగేళ్ల తర్వాతే అదే కుటుంబంలో ఇంకొకరి కోసం తెరవనిచ్చేవాళ్లు. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందా అని చూస్తే, 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ హోం శాఖ శ్మశానాలకి పెట్టిన నిబంధనల్లో ఇదే అంకె ఉంది. పన్నెండేళ్లు దాటిన మనిషిని పూడిస్తే పద్నాలుగేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలైతే ఎనిమిదేళ్లు గుంట తెరవకూడదు. అదే కుటుంబంవాళ్లయితే ముందే తెరవచ్చు కానీ కింది పెట్టెమీద కనీసం ఒక అడుగు మట్టి కదలకుండా ఉంచాలి.

ఇంగ్లండ్ చల్లని నేల. మనది ఎండ మండే నేల. ఒకే లెక్క రెండుచోట్లా ఎలా సరిపోతుంది అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. మన వేడికి అంతకాలం అక్కర్లేకపోవచ్చు. కానీ బంకమట్టి, గట్టి పెట్టె, నిలిచిన నీళ్లు ఉన్నచోట ఇంకా ఎక్కువే పట్టొచ్చు. నిబంధన అనేది అందరికీ ఒకటే ఉండాలి కాబట్టి దూరంగా గీత గీశారు.

మళ్లీ తెరిచినప్పుడు ఏం చేస్తారు? దొరికిన ఎముకల్ని బయట పారేయరు. ఒక గుడ్డలోనో సంచిలోనో కట్టి, గుంటను ఇంకొంచెం లోతు చేసి అడుగున పెట్టి, పైన మట్టి వేసి, దానిమీద కొత్త పెట్టె దించుతారు. అలా ఒకే గుంటలో తాత, నాన్నమ్మ, నాన్న వరసగా చేరతారు. సమాధిరాయి మీద పేర్లు ఒకదాని కింద ఒకటి రాస్తారు. తాత చెప్పాడు: "ఎముక తీసేటప్పుడు ఆ ఇంటివాళ్లని పక్కకి పొమ్మంటాను. మొగుడి ఎముక పెళ్లాం చూడకూడదని కాదు పాపా. చూసినాక రాత్రి నిద్ర రాదు, అందుకు." ఆ పని చేసేవాళ్ల గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? వాళ్లలో చాలామందికి చేతికి తొడుగులు కూడా ఉండవు.

వేరే దేశాల్లో కూడా ఇదే నడుస్తుంది. జర్మనీలో సమాధి కొనుక్కోరు, అద్దెకి తీసుకుంటారు. ఊరిని బట్టి, నేలని బట్టి 15నుంచి 30 ఏళ్లు. గ్రీస్‌లో మామూలుగా మూడేళ్లకే ఎముకలు తీసి, కడిగి, పెట్టెలో పెట్టి ఎముకల గదిలో ఉంచుతారు. సింగపూర్‌లో 1998నుంచి గుంటకి గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత తవ్వి, మతం ఒప్పుకుంటే దహనం చేస్తారు, లేకపోతే చిన్న గుంటలో తిరిగి పూడుస్తారు. మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్న దేశమే అది. చిన్న ఊళ్లో బతికినవాళ్లకే చోటు చాలనప్పుడు పోయినవాళ్లు సర్దుకోవాల్సి వస్తుంది.

ఊరు మారిన సమాధులు

మన చెన్నైలో సమాధులు నడిచాయి అంటే నమ్ముతారా?

సెయింట్ జార్జి కోటలో 1680నాటి సెయింట్ మేరీస్ చర్చి ఉంది. దాని చుట్టూ నేలంతా సమాధి రాళ్లే. కానీ ఆ రాళ్ల కింద మనుషులు లేరు! అప్పటి శ్మశానం కోట బయట, తర్వాత లా కాలేజీ వచ్చిన చోట ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటున దాక్కుని కాల్చారు. అందుకని తర్వాత ఆ కట్టడాలు పడగొట్టి, రాళ్లు మాత్రం తెచ్చి చర్చి దగ్గర పరిచారు. మనుషులు అక్కడే ఉండిపోయారు, పేర్లు ఇక్కడికి వచ్చాయి. పాత చోట మిగిలిన ఒక ఎత్తైన సమాధి జోసెఫ్ హిన్మర్స్‌ది, గవర్నర్ ఎలిహు యేల్ కొడుకు డేవిడ్ యేల్‌ది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి పేరు వచ్చింది ఈ ఎలిహు యేల్ వల్లే. ఆ సమాధిని అక్కడినుంచి తొలగించే విషయం 2023లో హైకోర్టుదాకా వెళ్లింది.

మింట్ వీధిలో ఉన్న యూదుల సమాధి రాళ్లు కాసిమేడుకి, అక్కడినుంచి లాయిడ్స్ రోడ్డుకి మారాయి. నందంబాక్కంలోని మద్రాస్ వార్ సెమెటరీలో రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన 856 మంది ఉన్నారు. దక్షిణ, తూర్పు భారతంలోని రకరకాల ఊళ్ల శ్మశానాల్లో ఉన్నవాళ్లని, అక్కడ చూసుకునేవాళ్లు ఉండరని, ఇక్కడికి తెచ్చి చేర్చారు. ప్యారీస్ దగ్గర ఆర్మేనియన్ చర్చి ప్రాంగణంలో 350 దాకా సమాధులున్నాయి, వాటిమీద నడుస్తూనే లోపలికి వెళ్లాలి. 1794లో మద్రాసులో ఆర్మేనియన్ భాషలో మొదటి పత్రిక అచ్చువేసిన హారుత్యూన్ ష్మావోన్యాన్ అక్కడే ఉన్నారు. పులికాట్‌లో డచ్చివాళ్ల శ్మశానం గేటుకి రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. బందరులో, భీమునిపట్నంలో కూడా డచ్చి సమాధులున్నాయి.

తెలుగు చదివేవాళ్లం కాబట్టి ఇంకొకటి. మనం రోజూ తిప్పే నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లో పోయారు. అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నారు. లండన్ చర్చిల ఆవరణలు నిండిపోయి ఊపిరాడనప్పుడు ఊరి బయట 1833లో తెరిచిన శ్మశానం అది.

వీటన్నిటినుంచి నేర్చుకున్నది ఒకటే. సమాధిరాయి వేరు, సమాధి వేరు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీల గుంబదుల్లో మనకి కనిపించే నల్లరాతి గోరీలు కూడా గుర్తులే, అసలు ఖబర్లు కింది అరలో ఉన్నాయి. రాయి బతికున్నవాళ్ల కోసం. కింద ఉన్నది మట్టి కోసం.

భయం ఎంత, నిజం ఎంత

ఇక మొదట చెప్పిన విషయానికి వద్దాం. పూడ్చిన శవంనుంచి రోగం వస్తుందా?

చాలా రోగకారక క్రిములు బతికున్న శరీరం మీద ఆధారపడతాయి. శరీరం చల్లబడి, శిథిలమయ్యేకొద్దీ అవి చచ్చిపోతాయి. శవాన్ని కడిగేటప్పుడు, ముట్టుకునేటప్పుడు జాగ్రత్త అవసరమయ్యే జబ్బులు ఉన్నాయి, ఎబోలా లాంటివి. కానీ అడుగుల లోతు మట్టి దాటి వైరస్ పైకి లేచి వీధిలోకి రాదు. దహనం చేస్తే ఆ వేడికి ఏ వైరసూ మిగలదు, పొగలోనూ బూడిదలోనూ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే చెప్పింది, కరోనాతో పోయినవాళ్లని పూడ్చొచ్చు, కాల్చొచ్చు, శవంనుంచి సోకినట్టు ఆధారం లేదని.

నిజంగా చూసుకోవాల్సింది నీళ్లని. శరీరం కరిగేటప్పుడు వచ్చే ద్రవం నేలలోకి ఇంకుతుంది. మట్టే దాన్ని వడకడుతుంది. కానీ భూగర్భ జలం మరీ పైన ఉంటే వడకట్టే మట్టి చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 1998లో శ్మశానాలమీద ఒక నివేదిక ఇచ్చింది. మంచినీటి బావికి 250 మీటర్ల లోపు పూడ్చకూడదని, గుంట అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య తగినంత పొడి నేల ఉండాలని అందులో ఉంది. చెరువుల పక్కన ఇళ్లూ శ్మశానాలూ కలిసిపోయిన మన అంబత్తూరులాంటి చోట రాళ్లు పట్టుకోవడం కన్నా ఇది అడగడం మేలు: మన బోరు ఎంత లోతు, శ్మశానం ఎంత దూరం?

ఆ రెండు ఘటనల తర్వాత మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. గౌరవంగా అంత్యక్రియలు జరగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లోనే ఆర్డినెన్సు తెచ్చింది. అంటువ్యాధితో పోయినవాళ్ల అంత్యక్రియల్ని అడ్డుకుంటే ఏడాదినుంచి మూడేళ్ల జైలు. వేలంగాడులో పూడ్చిన డాక్టరు భార్య, ఆయన్ని కీల్పాక్‌కి మార్చనివ్వమని కోర్టుకి వెళ్లారు. 2021 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి అందుకు అనుమతిస్తూ తీర్పు ఇచ్చారు. మట్టికి ఏ చోటైనా ఒకటే. ఆమెకి కాదు. కోర్టు ఆ తేడాని గుర్తించింది.

జబ్బు లేకపోయినా అడ్డుకునేవాళ్లున్నారు. 2019లో వాణియంబాడి దగ్గర దళితుల శవం వెళ్లడానికి పొలాల్లోంచి దారి ఇవ్వకపోతే వంతెనమీదనుంచి తాళ్లతో కిందికి దించారు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. శ్మశానంలో అందరూ సమానం అని జాషువాగారి పద్యాలు మనం నాటకాల్లో విని చప్పట్లు కొడతాం. లోపలికి వెళ్లాక సమానమే, మట్టి కులం అడగదు. గేటుదాకా వెళ్లే దారే ఇంకా సమానం కాలేదు.

గుర్తుంచుకోవాల్సినవి

ఒకటి, మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. శ్మశానంలో ఇచ్చే రసీదు పారేయకండి. గుంట మళ్లీ తెరవాల్సి వచ్చినప్పుడు అది మీ కుటుంబానిదని చూపించేది ఆ కాగితమే.

రెండు, పక్కా సమాధి కట్టడానికి తొందరపడకండి. ఒక వానాకాలం పోనివ్వండి.

మూడు, గుంటలోకి నూలు గుడ్డ, నిజమైన పూలు చాలు. ప్లాస్టిక్ వద్దు.

నాలుగు, శ్మశానంలోకి చొరబడి సమాధిని అవమానించడం నేరం. పాత శిక్షాస్మృతిలో అది 297వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 301. నేరం జరిగిందన్న అనుమానంతో శవాన్ని మళ్లీ తవ్వించాలంటే మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి.

ఐదు, గుంట తవ్వేవాళ్లకి కూలితోపాటు ఒక జత చేతి తొడుగులు, ఒక సబ్బు ఇవ్వండి. పెద్ద ఖర్చేమీ కాదు.

అక్కలకీ చెల్లెళ్లకీ ఒక పని చెప్తున్నాను. మీ ఇళ్లలో పూడ్చడానికి, గుంటకి, సమాధికి ఏ మాటలు వాడతారో పెద్దవాళ్లని అడిగి ఒక చీటీమీద రాసి ఈ బోర్డు కింద ఉన్న డబ్బాలో వేయండి. ఏ ఊరి మాటో కూడా రాయండి. "అవన్నీ నీకెందుకే" అంటే, కాలేజీలో రాయమన్నారని చెప్పండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి పెడదాం.